నంబర్ వేయని కాగితాలు

కృపావతికి సగటు అంటే ఒళ్లు మంట. స్టాటిస్టిక్స్ చెప్పే మనిషికి సగటు మీద కోపమేమిటని కొత్తగా చేరిన పిల్లలు నోళ్లు వెళ్లబెడతారు. ఏడాది మొత్తానికి సగటు తీస్తే నంద్యాల ఎండ ఎంతో లేదు, ఇరవై తొమ్మిది డిగ్రీలే అంటుంది ఆవిడ. ఆ సగటును నమ్ముకుని మే నెల మధ్యాహ్నం గొడుగు లేకుండా బస్టాండు దాకా నడిచి రండి, అప్పుడు మాట్లాడుకుందాం అంటుంది. పిల్లలు నవ్వుతారు. ఆవిడ మాత్రం నవ్వదు, బోర్డు వైపు తిరిగి లెక్క మొదలుపెడుతుంది.

వయసు ముప్పై ఆరు. నంద్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పదకొండేళ్లుగా పాఠం చెబుతోంది. ప్రతి జూన్‌లోనూ యాజమాన్యం మళ్లీ ఒక కాగితం మీద సంతకం పెడితేనే నిలిచే ఉద్యోగం. ఆ సంగతి ఆవిడ నడకలో గానీ గొంతులో గానీ ఎక్కడా కనిపించదు. ఇల్లు ఆళ్లగడ్డలో. అమ్మ పోయాక ఇంట్లో ఆవిడా, నాయన దేవదానమూ. పెళ్లి ఊసెత్తిన బంధువులకు తన దగ్గర సమాధానం తయారుగా ఉంటుంది: చూస్తున్నా, తొందరేం లేదు, మీ ఇంట్లో పెళ్లయినవాళ్లంతా సుఖంగా ఉన్నారా? మళ్లీ ఎవరూ అడగరు.

దేవదానం రాయి మీద అక్షరాలు చెక్కేవాడు. ఆళ్లగడ్డలో దేవుళ్లను చెక్కే చేతులకు కొదవ లేదు. దేవదానం చెక్కేవి పేర్లు, తేదీలు. బడికి పునాదిరాయైనా, సమాధి మీద పలకైనా ఆయన దగ్గరికే వచ్చేది. ఆదివారం ఏసు గుళ్లో ఆయనకు ఇంకో పని ఉంది. వరుస వరుసకూ కానుకల సంచి తిప్పడం. పొడుగు కర్రకు కట్టిన ఎర్ర మఖమలు సంచి అది. అందరూ పిడికిలి మూసి అందులో పెట్టి, చెయ్యి తెరిచి తీస్తారు. ఎవరేం వేశారో, అసలు వేశారో లేదో పక్కవాళ్లకు కూడా తెలియదు. సంచి పట్టుకున్నంతసేపూ దేవదానం చూపు పైన దూలం మీదే ఉంటుంది. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆయన ఒకరి చేతి వంక చూడలేదు.

చేతుల వంక చూడని ఆ మనిషి కూతుళ్ల రాకపోకల మీద మాత్రం గట్టి కాపలా పెట్టాడు. పెద్దది రెబెకా, కృపావతి కంటే నాలుగేళ్లు పెద్ద. ఇదే నంద్యాలలో, ఇదే కాలేజీలో బీకాం రెండో ఏడు చదువుతుండేది. ఒక సాయంత్రం అన్నం తింటూ, బస్సులో ఒకడు శిరివెళ్ల దాకా తన మీద పడుతూనే వచ్చాడని చెప్పింది. కోపంగా చెప్పింది, ఏడుస్తూ కాదు. దేవదానం అన్నం ముగించి చెయ్యి కడుక్కుని, రేపటి నుంచి పోవద్దన్నాడు. అంతే. మీద పడినవాణ్ని ఎవరూ ఏమీ అనలేదు, బస్సు తన దారిన తిరుగుతూనే ఉంది, పుస్తకాలు మూట కట్టి అటకెక్కాయి. ఏడాది తిరిగేసరికి రెబెకా పెళ్లి చేసుకుని ఆత్మకూరు వెళ్లిపోయింది.

అప్పటికి కృపావతికి పదిహేనేళ్లు. ఆ రోజు నేర్చుకున్న పాఠం ఏ కాలేజీలోనూ నేర్పరు: చదువు కావాలంటే నోరు మూసుకోవాలి. తన వంతు వచ్చాక మూడేళ్లు అదే రూట్లో, అదే సాయంత్రం బస్సులో, తెరిచిన పిన్నీసు పిడికిట్లో పట్టుకుని నిలబడి వచ్చింది. గడపలో నాయన రోజూ ఒకే ప్రశ్న అడిగేవాడు, బాగా వచ్చినావా అని. బాగా వచ్చినా నాయనా అని ఆవిడ రోజూ ఒకే జవాబు చెప్పేది. ఆ మూడేళ్లకూ ఎవరైనా సర్వే చేసి ఉంటే కృపావతి భద్రత ఐదుకు ఐదు.

ఇదంతా ఎందుకు చెప్పాలంటే, పోయిన డిసెంబరులో ప్రిన్సిపాల్ సుబ్బరాయుడు ఆవిడను పిలిచి ఒక సర్వే చెయ్యమన్నాడు. కాలేజీకి గ్రేడు ఇచ్చే బృందం జనవరిలో వస్తోంది. కాలేజీలో, దారిలో తాము ఎంత భద్రంగా ఉన్నామని విద్యార్థులు అనుకుంటున్నారో లెక్క కావాలట. సుబ్బరాయుడు చెడ్డవాడు కాదు. జీతాలు ఒకటో తారీఖుకే వేయిస్తాడు, పేద పిల్లల ఫీజు కోసం యాజమాన్యంతో పోట్లాడతాడు కూడా. కానీ ఫైలు నిండిందంటే పని అయిపోయినట్టే అనుకునే రకం.

సరిగ్గా అప్పుడే కృపావతికి లోపల ఒక ముల్లు గుచ్చుకుంటూ ఉంది. జూన్ నుంచి కాలేజీలో స్టడీ అవర్ అని పెట్టారు. నాలుగున్నర నుంచి ఆరు దాకా అందరూ కూర్చుని చదవాలి, హాజరు వేస్తారు. హాస్టల్ పిల్లలకు నాలుగడుగుల్లో గది. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు మాత్రం నాలుగూ నలభై ఐదు బస్సు పోయి, ఆరుంపావు బస్సే దిక్కయింది. పాఠం ముగించుకుని తను నాలుగూ నలభై ఐదుకే ఎక్కుతుంది. ముందు సీట్లలో కిచకిచలాడుతూ వచ్చే ఆడపిల్లలు జూన్ నుంచి ఆ బస్సులో లేరు. ఆ ఖాళీ సీట్లను ఆరు నెలలు చూస్తూ కూడా ఏమీ చెయ్యనందుకు ఆవిడకు తన మీద తనకే కోపంగా ఉంది.

అందుకే సర్వే అనగానే ఎగిరి గంతేసింది. పది ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. ఒకటంటే బాగా భయం, ఐదంటే భయమే లేదు. హాస్టల్ అబ్బాయిలు, హాస్టల్ అమ్మాయిలు, బస్సు అబ్బాయిలు, బస్సు అమ్మాయిలు, తలా అరవై మంది; ఏ గుంపో మాత్రం ఫారం మీద టిక్కు పెట్టాలి. పేర్లు రాయొద్దని పైన పెద్దక్షరాలతో అచ్చు వేయించింది. క్లాసుల్లోనే పంచి, క్లాసుల్లోనే తీసుకుంది. సగటు 4.6 వచ్చింది.

సుబ్బరాయుడు సంతోషంతో టీ తెప్పించాడు. కృపావతి ఆ టీ తాగలేకపోయింది. కట్ట తీసుకుని స్టాఫ్ రూములో కూర్చుని ఒక్కొక్క కాగితమే తిప్పింది. పేర్లు లేవు. కానీ పైన, కుడి మూలన, గుండ్రటి రాతలో రోల్ నంబర్లు ఉన్నాయి. రెండు వందల నలభై కాగితాల్లో రెండు వందల ఇరవై తొమ్మిదింటికి నంబర్లున్నాయి.

ఆ తప్పు ఎవరిదో ఆవిడకు వెంటనే తెలిసింది. కుడి మూలన నంబర్ లేని పేపరు దిద్దను అని పదకొండేళ్లుగా క్లాసులో అరుస్తున్నది తనే. రెండు మూడు సార్లు అలాంటి పేపర్లు కిటికీలోంచి విసిరేసిందని కాలేజీలో కథ కూడా ఉంది, నిజమే. చేతికి కాగితం అందితే చాలు, పిల్లల చెయ్యి దానంతటదే కుడి మూలకు పోతుంది. పేరు రాయొద్దన్నారు గానీ నంబర్ వద్దనలేదు కదా! నంబర్ పడ్డాక ఇక ఏ పిల్ల నిజం రాస్తుంది? అన్నీ నాలుగులూ ఐదులే. మిగిలిన పదకొండు నంబర్ లేని కాగితాల్లో ఐదు బస్సు అమ్మాయిలవి. ఆ ఐదింటిలో ఒక్కచోట కూడా మూడు దాటలేదు. కృపావతి నెత్తి మీద తనే ఒకటి మొట్టుకుంది.

సర్వే మళ్లీ చెయ్యాలంటే సుబ్బరాయుడు ససేమిరా అన్నాడు, రిపోర్టు టైపింగుకు పోయిందన్నాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి కదలకపోయేసరికి, ఒక్క రోజు ఇస్తాను, ఏం తేడా వస్తుందో నేనూ చూస్తానన్నాడు.

ఆ సాయంత్రం దేవదానం ఇంటి ముందు పలక మీద సుద్దతో గీతలు గీసుకుంటున్నాడు. గుళ్లో ఉన్న నాలుగు కానుకల సంచులూ ఒక్క రోజుకు కావాలని కృపావతి అడిగింది. కాలేజీకి సంచులెందుకన్నాడు ఆయన. ఏదో అబద్ధం చెప్పొచ్చు. చదువుకునే మూడేళ్లూ ఆ గడపలో రోజూ చెప్పిందే. ఆ రోజు ఎందుకో నాలుక మీదకు అబద్ధం రాలేదు.

"నేను చదివిన మూడేండ్లూ నీకు అబద్ధం చెప్పినా నాయనా. బాగా వచ్చినా అని చెప్పింది ఒక్కరోజూ నిజం కాదు. అక్కకు జరిగినట్టే నాకూ జరిగింది. చెప్తే పుస్తకాలు అటకెక్కిస్తావని చెప్పలా. ఇప్పుడు నా దగ్గర చదివే పిల్లోళ్లు కూడా చెప్పల్యా. కాగితం మీద కూడా చెప్పల్యా."

దేవదానం చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. పలక మీద గీసిన గీత వంకరపోతే తుడిచి, మళ్లీ గీసి, అదీ తుడిచాడు. తరవాత లేచి చొక్కా వేసుకుని గుడి వైపు వెళ్లాడు. వచ్చేటప్పుడు నాలుగు సంచులూ భుజాన వేసుకొచ్చి మంచం మీద పెట్టాడు.

"సంచి పట్టుకున్నోళ్లు చెయ్యి సూడకూడదమ్మా. పైకి సూడాల," అన్నాడు. లోపలికి పోతూ గుమ్మంలో ఆగి, వెనక్కి తిరక్కుండానే, "రెబెకాను నేను ఆపింది తప్పు," అన్నాడు. అంత మాట ఆయన నోట వినడం కృపావతికి అదే మొదలు.

మర్నాడు కాలేజీలో ఒక్కో గుంపుకు ఒక్కో గది, ఒక్కో గదికి ఒక్కో సంచి. పెన్నులన్నీ తీసుకుని అందరికీ ఒకే రకం పెన్సిళ్లు ఇచ్చింది. కుడి మూలన ఎవరైనా ఒక్క చుక్క పెట్టినా చింపేస్తానంది. పదకొండేళ్ల తన మాటను తనే నేలకు కొట్టడం చూసి పిల్లలు మొదట నమ్మలేదు. రాసినవాళ్లు కాగితం మడిచి పిడికిట్లో పెట్టుకుంటే, ఆవిడ సంచి పట్టుకుని వరుసల మధ్య నడిచింది. చూపు ఫ్యాను మీద పెట్టింది. బస్సు అమ్మాయిల గదిలో ఒక చెయ్యి సంచిలో చాలాసేపు ఆగిపోయింది. తల వంచి అది ఎవరిదో చూడాలని ప్రాణం లాగింది గానీ చూడలేదు.

లెక్క కూడా ఆ నాలుగు సంచుల్లాంటిదే. టూ వే అనోవా అంటారు. రెండు కారణాలను పక్కపక్కన పెట్టి మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఆడా మగా అనే దాని వల్ల తేడా వస్తోందా? హాస్టలా బస్సా అనే దాని వల్ల వస్తోందా? ఆ రెండూ ఒకచోట కలిసినప్పుడు, విడిగా దేనిలోనూ లేనిది ఏదైనా కొత్తగా పుడుతోందా? క్లాసులో ఈ మూడో ప్రశ్న దగ్గరికి రాగానే కృపావతి ఒక గిన్నెలో సున్నం, ఒక పొట్లంలో పసుపు తెచ్చి కలిపి చూపిస్తుంది. సున్నం తెల్లన, పసుపు పచ్చన, కలిస్తే ఎర్రన. ఆ ఎరుపు సున్నంలో వెతికితే దొరకదు, పసుపులో వెతికినా దొరకదు.

సంచులు కుమ్మరించి లెక్క వేసింది. హాస్టల్ అబ్బాయిలు 4.2. హాస్టల్ అమ్మాయిలు 4.3. బస్సు అబ్బాయిలు 4.1. బస్సు అమ్మాయిలు 2.0. మూడో ప్రశ్నకు జవాబు చెప్పే అంకె నాలుగు దాటితే చాలు, తేడా ఉత్తుత్తిది కాదని ఒప్పుకుంటారు. ఇక్కడ నూట పదమూడు వచ్చింది. కంప్యూటర్ తప్పు చేసిందేమోనని చేత్తో కూడా వేసి చూసింది, మళ్లీ నూట పదమూడే.

సుబ్బరాయుడు కాగితాన్ని కళ్లజోడు పైకెత్తి చూశాడు. మొత్తం సగటు 3.65 ఉందిగా, ఐదుకు బాగానే ఉన్నట్టే అన్నాడు. ఆడపిల్లలకు భయం కాస్త ఎక్కువే, స్వభావం అన్నాడు. స్వభావమైతే హాస్టల్ అమ్మాయిలకు అబ్బాయిల కంటే ఎక్కువ మార్కులెందుకు వచ్చాయని కృపావతి అడిగింది. దానికి బదులు ఆయన ఇంకో మాట అన్నాడు, అది గురి చూసి వేసిన మాట.

"ఈ కాగితం తల్లిదండ్రుల కంట పడిందనుకోమ్మా. సోమవారానికి అరవై టీసీలు నా టేబుల్ మీద ఉంటాయి. పిల్లలను కాపాడతాండానని నువ్వే వాళ్ల సదువు మాన్పిస్తాండావు. మొదటి సర్వే మీద సంతకం పెట్టు. శనివారం పేరెంట్స్ మీటింగులో అదే సూపిద్దాం."

ఆ సాయంత్రం ఆవిడ కావాలనే ఆరుంపావు బస్సు ఎక్కింది. కాలు మోపే సందు లేదు. దొర్నిపాడు వెళ్లాల్సిన పిల్లలు ఆళ్లగడ్డలో దిగి ఇంకో బండి పట్టుకోవాలి, వాళ్ల కళ్లు ఎప్పుడూ గడియారం మీదే. సింధూజ అనే పిల్ల, ఆళ్లగడ్డ బజారులో కిరాణా అంగడి మాధవయ్య కూతురు, తన క్లాసులో ముందు వరుసలో కూర్చునే పిల్ల, మేడంను చూసి ఉలిక్కిపడింది. ఆ పిల్ల పిడికిట్లో పిన్నీసు మెరిసింది. ఇరవై ఏళ్లయింది, కాలేజీకి మూడంతస్తులు లేచాయి, ప్రతి చేతిలోనూ ఫోన్ వచ్చింది, ఆ పిన్నీసు మాత్రం అదే చేతిలో ఉంది. శిరివెళ్ల దాటేదాకా కృపావతి ఆలోచించింది. సుబ్బరాయుడి మాట అబద్ధం కాదు. రెబెకా నోరు విప్పింది, చదువు పోయింది. తను మూసుకుంది, చదువు దక్కింది. తను ఇప్పుడు ఈ అరవై మంది నోరు విప్పిస్తే అందరినీ రెబెకాలను చేసినట్టు అవుతుందా? ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల దగ్గర దిగేసరికి ఆవిడకు ఒక్కటి మాత్రం స్పష్టంగా కనిపించింది. జవాబు తన చేతిలో ఉన్న లెక్కలోనే ఉంది.

శనివారం హాలు నిండింది. పిల్లలు, పిల్లల పక్కన తల్లిదండ్రులు. తెర మీద పెద్దక్షరాలతో 4.6 వేశారు. సుబ్బరాయుడు రెండు మాటలు చెప్పమని కృపావతిని పిలిచి, బల్ల మీద రిపోర్టు, పక్కన పెన్ను పెట్టాడు. ఆవిడ పెన్ను ముట్టుకోలేదు. బల్ల కింద నుంచి మిగిలిన ఖాళీ ఫారాల కట్ట తీసి పక్కన పెట్టి, నాలుగు ఎర్ర సంచులు వరుసగా పరిచింది.

తెర మీది అంకె తప్పని, ఆ తప్పు తనదేనని మొదలుపెట్టింది. నంబర్ల సంగతి దాచకుండా చెప్పింది. ఒక్కో సంచి ఎత్తి చూపిస్తూ ఒక్కో అంకె చెప్పింది. సుబ్బరాయుడు కూర్చోమని రెండుసార్లు సైగ చేశాడు, మూడోసారి మైకు తీసేశాడు. తరగతి గదుల్లో పదకొండేళ్లు అరిచిన గొంతుకు మైకు లెక్కా? అలాగే నిలబడి మిగతాది చెప్పింది.

ముందుగా లేచినవాడు మాధవయ్య. తెల్లచొక్కా జేబులో చేతులు పెట్టుకుని, అందరూ అనుకుంటున్నదే పైకి అన్నాడు.

"ఇంత జరుగుతాంటే ఇంగెందుకు మేడం? సోమవారం నించి మా పాపను పంపను."

"మీ అంగడికి వచ్చే దావలో గుంత ఉంటే అంగడి మూసుకుంటారా, గుంత పూడ్పిస్తారా?" అంది కృపావతి. "హాస్టల్లో ఉండేది ఆడపిల్లలే, వాళ్లకు భయం లేదు. బస్సులో వచ్చేది మగపిల్లోళ్లు కూడా, వాళ్లకూ భయం లేదు. పసుపులో ఎరుపు లేదు, సున్నంలో ఎరుపు లేదు. రెంటినీ ఆరుంపావు బస్సులో కలిపింది మేము, స్టడీ అవర్ పెట్టి. తప్పు మీ పాపలో యాడుందో సూపించండి, అప్పుడు ఆమెను ఆపుదురు. తప్పు గంటలో ఉండాది. గంటను మార్పించండి."

మాధవయ్య జేబులోంచి చేతులు తీశాడు గానీ కూర్చోలేదు. పక్క వరుసల్లో గుసగుసలు మొదలయ్యాయి. అదను చూసి సుబ్బరాయుడు లేచాడు. ఆయన గొంతు ఈసారి మెత్తగా ఉంది. మేడంది మంచి మనసే గానీ, పేరూ నంబరూ లేని కాగితాలకు విలువేముందన్నాడు. ఎవరు రాశారో తెలియదు, ఒకరే పది రాసి ఉండొచ్చు, మగపిల్లలే ఆట పట్టించడానికి రాసి ఉండొచ్చు. ఈ సంచి చూపిస్తే గ్రేడు ఇచ్చే ఏ కమిటీ అయినా నవ్వుతుంది. అవునవునని నాలుగైదు తలలు ఊగాయి. మాధవయ్య తల కూడా ఊగింది.

కృపావతి చేతిలోని సంచిని బల్ల మీద పెట్టేసింది. నంబర్లు అడిగితే ఐదులు వస్తాయి, అడక్కపోతే విలువ లేదంటారు. ఈ పిల్లలు ఏ వైపు నుంచి వచ్చినా గోడే.

అప్పుడు సింధూజ లేచింది. తండ్రి చెయ్యి పట్టుకుని ఆపబోయాడు, విడిపించుకుంది. బల్ల దగ్గరికి వచ్చి ఒక ఖాళీ ఫారం తీసుకుని, సంతకం కోసం పెట్టిన పెన్ను అందుకుంది. వంగి పది గళ్లూ నింపింది. ఒకటి, ఒకటి, రెండు, ఒకటి. నింపడం అయ్యాక కుడి మూలన, గుండ్రటి రాతలో, తన రోల్ నంబర్ వేసింది. కాగితాన్ని ప్రిన్సిపాల్‌కు ఇవ్వలేదు. నేరుగా వెళ్లి తండ్రి చేతిలో పెట్టింది.

"ఇది నేను రాసిందే నాయనా. నన్ను ఆపుతావో, సంతకం పెడతావో నీ ఇష్టం. నేను మాత్రం సోమవారం వస్తాండా," అంది.

ఆ పిల్ల కూర్చోలేదు, తండ్రి ముందు అలాగే నిలబడింది. రెండో వరుసలోంచి ఇంకో పిల్ల లేచింది. ఆ తరవాత కిటికీ పక్క నుంచి ఇద్దరు. బల్ల దగ్గర తోపులాట అయింది, పెన్నులు చాలక అబ్బాయిలు తమ జేబుల్లోంచి తీసి ఇచ్చారు. వాళ్ల మొహాల్లో, ఇన్నాళ్లూ అదే బస్సులో వస్తూ తామేం చూడలేదా అన్న సిగ్గు కొంత కనిపించింది. అరవై మందిలో యాభై రెండు మంది రాశారు. ఎనిమిది మంది లేవలేదు, తలలు వంచుకుని కూర్చున్నారు. కృపావతి వాళ్ల వంక చూడలేదు. వాళ్ల మాట సంచిలో ఎప్పుడో పడింది, అది చాలు.

మాధవయ్య కూతురు రాసిన కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ప్రోగ్రెస్ కార్డు మీద పెట్టినట్టే, కింద తన పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టాడు. పెట్టి, సుబ్బరాయుడి వైపు తిరిగి, స్టడీ అవర్ పొద్దున పెడితే ఏం పోతుందప్పా అని అడిగాడు. హాలంతా అదే ప్రశ్న అందుకుంది, మిగతా తండ్రులూ సంతకాలు పెట్టారు. ముగ్గురో నలుగురో తండ్రులు మాత్రం సంతకాలు పెట్టకుండా పిల్లల చేతులు పట్టుకుని బయటికి నడిచారు. వాళ్ల ఇళ్లకు కృపావతి ఆ తరవాత తనే వెళ్లింది, ఒక్కరి దగ్గర తప్ప అందరి దగ్గరా గెలిచింది. ఆ ఒక్క పిల్ల పేరు ఆవిడ ఇప్పటికీ హాజరు పట్టీలోంచి కొట్టెయ్యలేదు.

పది రోజుల్లో స్టడీ అవర్ పొద్దున ఎనిమిదింటికి మారింది, కమిటీ ఫైలులో 4.6 బదులు కొత్త లెక్క చేరింది. నాలుగూ నలభై ఐదు బస్సులో ముందు సీట్లు మళ్లీ నిండాయి. కృపావతికి మెమో వచ్చింది, అనుమతి లేకుండా సంస్థ పరువు తీసినందుకు. జూన్‌లో సంతకం పడుతుందో లేదో తెలియదు. మెమోకు జవాబుగా ఆవిడ ఒకే వాక్యం రాసింది: నేను చేసింది తెలిసే చేశాను. కుడి మూలన తన స్టాఫ్ నంబర్ కూడా వేసి ఇచ్చింది.

ఇదంతా నాయన నోట విని ఆత్మకూరు నుంచి రెబెకా ఫోన్ చేసింది. తనకూ ఒక ఫారం పంపమంది. ఎందుకక్కా అంటే, పంపు అంతే అంది. వారం తిరక్కుండానే కవరు వచ్చింది. పది గళ్లలోనూ ఒకట్లే ఉన్నాయి, ఒక్కోటీ కాగితం చిరిగేంత గట్టిగా వత్తి రాసింది. కుడి మూలన ఇరవయ్యేళ్ల కిందటి బీకాం రెండో సంవత్సరం రోల్ నంబర్ ఉంది. ఒక్క అంకె కూడా మరిచిపోలేదు. కింద, తండ్రి సంతకం ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలింది.

కృపావతి ఆ కాగితాన్ని దేవదానం ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, రాయి మీద అక్షరం చెక్కేటప్పుడు పట్టేంత సమయం పట్టి, ఆ ఖాళీలో సంతకం చేశాడు.

లెక్క ప్రకారం అది చెల్లదు. ఈ ఏడు చదువుతున్నవాళ్లలో రెబెకా లేదు, ఆ కాగితం ఏ సగటులోకీ రాదు. లెక్క తప్పడం కృపావతికి చేతకాదు కాబట్టి కలపలేదు. కానీ కమిటీ ముందుకు వెళ్లిన ఫైలులో, యాభై రెండు కాగితాల మీద, అన్నిటి కంటే పైన పెట్టింది.